డోడో పోయిన దీవిలో డేగ నిలిచింది

1865లో మారిషస్ దీవి ఆగ్నేయ తీరాన, మేర్ ఓ సాంజ్ అనే బురద మడుగులో కొందరు భారతీయ కూలీలు పనిచేస్తున్నారు. నల్లమట్టి తవ్వుతుంటే పెద్ద పెద్ద ఎముకలు తగిలాయి. వాళ్ళు వాటిని పక్కకు తీసి కుప్పగా పెట్టారు. అటుగా వెళ్తున్న ఒక రైల్వే ఇంజినీరు ఆ కుప్ప చూసి, మహేబూర్గ్ అనే ఊళ్ళో బడి నడిపే జార్జ్ క్లార్క్‌కి చెప్పాడు. క్లార్క్ ఎన్నో ఏళ్ళుగా డోడో ఎముకల కోసం దీవంతా గాలిస్తున్న మనిషి. వెంటనే కూలీలను మడుగు మధ్యకు దింపించాడు. వాళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడి, వట్టి కాళ్ళతో బురదలో తడుముతూ, పాదానికి గట్టిగా తగిలిన ప్రతిదాన్నీ పైకి తీశారు. అలా దొరికాయి డోడో ఎముకలు. వాటిలో చాలా భాగం లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్తకు చేరాయి. మరుసటి ఏడాదే ఆయన డోడో అస్థిపంజరం గురించి గ్రంథం వెలువరించాడు. అంతవరకూ కొన్ని బొమ్మలు, నావికుల రాతలు, ఐరోపా మ్యూజియాల్లో కొద్దిపాటి ముక్కలు తప్ప ఆ పక్షికి ఆధారమే లేదు. అసలు అలాంటి పక్షి ఉండేదా అని సందేహించినవాళ్ళు కూడా ఉన్నారు.

పుస్తకాల్లో క్లార్క్ పేరుంది, ఓవెన్ పేరుంది. బురదలో కాళ్ళతో వెతికినవాళ్ళ పేర్లు ఆ కథలో కనిపించవు. నాకు మాత్రం డోడో కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం అదే. మాయమైన ఒక జాతిని లోకానికి రుజువు చేసింది సొంత ఊరు వదిలి ఓడలో వచ్చిన మనుషులు. ఆ దీవి పక్షుల గురించి ఏం చెప్పుకున్నా, వచ్చినవాళ్ళకూ ఉన్నవాటికీ మధ్య నడిచిన కథగానే చెప్పుకోవాలి.

మారిషస్ మడగాస్కర్‌కు తూర్పున దాదాపు 900 కిలోమీటర్ల దూరంలో హిందూ మహాసముద్రంలో ఉంది. అగ్నిపర్వతం పొంగి పుట్టిన నేల అది. ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. ఏ ఖండానికీ ఎన్నడూ అతుక్కుని లేదు కనుక నాలుగు కాళ్ళ జంతువులు నడిచి రావడానికి వీల్లేకపోయింది. గబ్బిలాలు తప్ప క్షీరదాలు లేవు. ఎగిరి వచ్చిన పక్షులు, తేలి వచ్చిన బల్లులు, తాబేళ్ళు, గాలికీ నీటికీ కొట్టుకొచ్చిన విత్తనాలు కలిసి లక్షల ఏళ్ళలో అక్కడ మరెక్కడా లేని లోకాన్ని తయారుచేసుకున్నాయి.

డోడో ఒక పావురం. వినడానికి నమ్మబుద్ధి కాదు గానీ, శాస్త్రం తేల్చిన మాట అదే. 2002లో బెత్ షపీరో బృందం ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న డోడో నమూనా నుంచి డీఎన్ఏ తీసి పోల్చి చూసింది. ఇప్పుడు బతికున్న పక్షుల్లో దానికి అతి దగ్గరి చుట్టం నికోబార్ పావురమని తేలింది. మన అండమాన్ నికోబార్ దీవుల్లోనూ, ఆగ్నేయాసియా దీవుల్లోనూ ఉండే ఆకుపచ్చ రెక్కల పక్షి అది. అంటే డోడో పూర్వీకులు తూర్పు వైపు నుంచి దీవి నుంచి దీవికి ఎగురుకుంటూ వచ్చాయన్నమాట. ఒకసారి స్థిరపడ్డాక ఎగరాల్సిన పని తప్పింది. వేటాడే జంతువు లేదు, తిండి నేలమీదే రాలి ఉంటుంది. ఎగరడానికి కావలసిన రొమ్ము కండరాలను పోషించడం పక్షికి చాలా ఖర్చుతో కూడిన వ్యవహారం. ఆ ఖర్చు అక్కర్లేని చోట తరతరానికీ రెక్కలు చిన్నవయ్యాయి, ఒళ్ళు పెరిగింది, కాళ్ళు బలిశాయి. చివరికి మీటరు దాకా ఎత్తు, పది కిలోలకు పైగా బరువు.

1598లో డచ్చి ఓడలు వచ్చాయి. డోడోలను నావికులు తినేయడం వల్లే ఆ జాతి పోయిందని చాలామంది అనుకుంటారు. తిన్నమాట నిజమే. కానీ అంత దీవిని తుడిచిపెట్టేంత మంది మనుషులు అప్పుడు అక్కడ లేరు. అసలు దెబ్బ తీసినవి ఓడల్లోంచి దిగిన పందులు, ఎలుకలు, కోతులు. డోడో నేలమీద గూడు కట్టి ఒకే గుడ్డు పెట్టేదని ఆనాటి రాతలు చెబుతాయి. నేలమీద ఒంటరిగా ఉన్న గుడ్డుకు పందుల నుంచి రక్షణ ఎక్కడిది? పెద్ద పక్షులు కళ్ళముందు తిరుగుతూనే ఉన్నా పిల్లలు లేకుండా పోయాయి. 1662లో ఓడ మునిగి అక్కడికి చేరిన ఫోల్కెర్ట్ ఎవర్ట్స్ అనే నావికుడు తీరానికి దగ్గర్లోని ఒక చిన్న దిబ్బ మీద వాటిని చూశాడు. ఒకదాని కాలు పట్టుకుంటే అది అరిచిందనీ, ఆ అరుపు విని మిగతావి దానికి సాయంగా పరుగెత్తుకొచ్చి తామూ దొరికిపోయాయనీ ఆయన రాశాడు. పండితులు ఎక్కువమంది ఒప్పుకునే చివరి ప్రత్యక్ష సాక్ష్యం ఇదే. గణితం ప్రకారం లెక్కవేస్తే 1690 ప్రాంతం దాకా కొన్ని మిగిలి ఉండవచ్చని 2003లో ఒక అంచనా వచ్చింది. ఏ లెక్క చూసినా, మనుషులు కాలుపెట్టిన నూరేళ్ళలోపే పని ముగిసింది.

దాన్ని తెలివితక్కువ పక్షి అనడం ఎంతమాత్రం న్యాయం కాదు. 2016లో పుర్రెను స్కాన్ చేసి చూసినవాళ్ళు దాని మెదడు ఒంటికి తగ్గట్టుగా, మిగతా పావురాల నిష్పత్తిలోనే ఉందని తేల్చారు. పైగా మేర్ ఓ సాంజ్‌లో 2005 నుంచి జరిగిన తవ్వకాల్లో దాదాపు 4,200 ఏళ్ళ కిందటి ఘోర కరువులో చచ్చిన వేల జంతువుల ఎముకలు బయటపడ్డాయి. డోడోలు ఆ కరువు తట్టుకున్నాయి, తుపానులు తట్టుకున్నాయి, అగ్నిపర్వతాలు తట్టుకున్నాయి. మనిషిని చూసి పారిపోకపోవడం మూర్ఖత్వం కాదు. భయపడవలసిన ప్రాణి ఒకటుంటుందని వాటికి తెలిసే అవకాశం లేదు.

బతికున్న డోడోను చూసి వేసిన రంగుల బొమ్మల్లో అన్నిటికన్నా నమ్మదగినది మన దేశంలో పుట్టిందంటే ఆశ్చర్యమే. జహంగీర్ కొలువులోని ఉస్తాద్ మన్సూర్ గీసినదిగా భావించే ఆ చిత్రం 1625 ప్రాంతపుది, ఇప్పుడు రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో సూరత్‌లో రెండు డోడోలను చూశానని పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు కూడా రాశాడు. ఐరోపా చిత్రకారుల బొమ్మల్లో డోడో బాగా బలిసి, కదలలేనట్టు కనిపిస్తుంది. మన్సూర్ బొమ్మలో మాత్రం చుట్టూ ఉన్న మామూలు పిట్టల మధ్య నిటారుగా నిలబడి నడిచే ప్రాణిలా ఉంటుంది. మన్సూర్ చూసింది చూసినట్టు గీసేవాడు. శాస్త్రజ్ఞులు ఆ చిత్రానికి ఇచ్చే విలువ అందుకే.

ఎముకలు దొరికిన 1865లోనే ఇంగ్లండులో లూయిస్ కెరోల్ ‘ఆలిస్’ కథ అచ్చయింది. అందులో డోడో ఒక పాత్ర. అటు శాస్త్రం, ఇటు పిల్లల కథ రెండూ కలిసి డోడోను లోకప్రసిద్ధం చేశాయి. 1906లో మారిషస్ రాజచిహ్నంలో డోడోకు చోటిచ్చారు. ఒక వైపు డోడో, ఇంకో వైపు జింక, రెండింటి దగ్గరా చెరకు గడ. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ చిహ్నాన్నే ఉంచుకున్నారు. ఆ బొమ్మను శ్రద్ధగా చూస్తే దీవి చరిత్రంతా అందులో ఉంది. డోడో ఆ నేలకు సొంతం, ఇప్పుడు లేదు. జింకను డచ్చివారు 1639లో జావా నుంచి తెచ్చి వదిలారు. ఇక చెరకు కోసమే అడవి నరికారు, చెరకు కోసమే మనుషుల్ని ఓడల్లో తెచ్చారు.

ఆ మనుషుల్లో మనవాళ్ళున్నారు. 1834 నుంచి దాదాపు తొంభై ఏళ్ళ పాటు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరారు. వాళ్ళు దిగిన పోర్ట్ లూయీ రేవు ఆప్రవాసి ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన గోదావరి, ఉత్తరాంధ్ర ప్రాంతాల నుంచి కోరంగి, విశాఖ రేవుల మీదుగా తెలుగువాళ్ళు వెళ్ళారు. 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ ఒక జట్టును తీసుకెళ్ళింది. వాళ్ళ వారసులు ఈనాటికీ సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు, రామభజనలు పాడతారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

ఆ తెలుగువాడు పొద్దున్నే తలుపు తీస్తే అతనికి కనిపించే పక్షులు ఏవి? గోరువంక కనిపిస్తుంది. మిడతల దండును అరికట్టడానికి 1762లో ఫ్రెంచివారు మన దేశం నుంచే గోరువంకలను తీసుకెళ్ళి అక్కడ వదిలారు. పురుగును పక్షితో అణచాలన్న ప్రయత్నాల్లో ప్రపంచంలోనే తొలి వాటిలో ఒకటి అది. తలమీద తురాయి ఉన్న పికిలిపిట్ట కనిపిస్తుంది. అది 1892 నాటి పెనుతుపానులో పంజరాల్లోంచి తప్పించుకుని దీవంతా వ్యాపించింది. మెడలో గులాబీ కంఠి ఉన్న మన రామచిలుక కనిపిస్తుంది. అదీ పంజరం నుంచి వచ్చినదే, 1880ల్లో. ఇన్ని తరాలుగా అక్కడున్న భారతీయ సంతతికి పెరట్లో పలకరించేవి తాతముత్తాతల ఊళ్ళో పలకరించిన పిట్టలే. దీవి సొంత పక్షులు చూడాలంటే నైరుతి కొండల్లో మిగిలిన అడవికి వెళ్ళాలి. చెడిపోకుండా మిగిలిన సహజ అడవి దీవిలో రెండు శాతం కన్నా తక్కువ. ఒక దేశ ప్రజలకు తమ నేల పక్షులు రోజూ కనిపించకపోతే వాటికోసం పాటలు పుట్టవు, సామెతలు పుట్టవు. మారిషస్ పక్షులకు ఎదురైన కష్టాల్లో ఇదొకటి. చచ్చిన డోడోను అందరూ ఎరుగుదురు, బతికున్నవాటిని ఎరిగినవాళ్ళు చాలాకాలం కొద్దిమందే.

ఆ బతికున్నవాటిలో ముందు చెప్పుకోవలసింది మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ. మన పొలాల మీద గాలిలో ఒకేచోట నిలిచి కిందికి చూసే కెస్ట్రెల్ జాతికి చుట్టమే గానీ, దీని వేట పద్ధతి వేరు. అడవి లోపల కొమ్మల సందుల్లోంచి దూసుకుపోతూ చెట్ల మీది పచ్చని బల్లుల్ని పట్టుకుంటుంది. అందుకని పొడవాటి రెక్కలకు బదులు పొట్టిగా, గుండ్రంగా ఉండే రెక్కలు వచ్చాయి. ఇది కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందని జనం నమ్మి తుపాకులతో కాల్చారు. అడవి తరిగిపోయింది. కోతులూ, ఎలుకలూ, ముంగిసలూ గూళ్ళు దోచాయి. ఆ పైన డీడీటీ వచ్చిపడింది.

మలేరియాను తరిమేందుకు రెండో ప్రపంచయుద్ధం తర్వాత మారిషస్‌లో డీడీటీ విరివిగా చల్లారు. మనుషులకు మేలు జరిగింది. 1973లో దీవి మలేరియా లేనిదిగా గుర్తింపు పొందింది. ఆ మేలును తక్కువ చేయకూడదు. అయితే డీడీటీ తొందరగా విరిగిపోని రసాయనం, కొవ్వులో పేరుకుంటుంది. పురుగుల ఒంట్లో కొంచెం, వాటిని వందలుగా తిన్న బల్లిలో ఇంకొంచెం, బల్లుల్ని రోజూ తినే డేగలో చాలా ఎక్కువ. ఆ విషం ఆడపక్షి కడుపులో గుడ్డు పెంకు తయారయ్యే చోట కాల్షియం చేరకుండా అడ్డుపడుతుంది. పెంకు పలచబడి, తల్లి పొదిగితేనే పగిలిపోతుంది. 1974 నాటికి అడవిలో కనిపించిన కెస్ట్రెల్స్ నాలుగు. లోకంలోకెల్లా అరుదైన పక్షి అని దానికి పేరు వచ్చింది.

1979లో కార్ల్ జోన్స్ అనే వెల్ష్ యువకుడు అక్కడికి చేరాడు. అక్కడ నడుస్తున్న కెస్ట్రెల్ సంరక్షణ పథకాన్ని నెమ్మదిగా మూసేసి, స్థానికులకు అప్పగించి రమ్మని అతన్ని పంపారు. అతను మూయలేదు. పక్షి పెట్టిన మొదటి గుడ్లను గూట్లోంచి జాగ్రత్తగా తీసేస్తే ఆడపక్షి మళ్ళీ గుడ్లు పెడుతుంది. పెంపుడు కోళ్ళ విషయంలో ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే. తీసిన గుడ్లను యంత్రంలో పొదిగించి, పిల్లల్ని చేత్తో మేపి, రెక్కలు వచ్చే వేళకు అడవిలో చెక్కపెట్టెల్లో ఉంచారు. అవి సొంతంగా వేట నేర్చుకునేదాకా తిండి అందించారు. అడవి జంటలకూ అదనపు తిండి పెట్టారు, కోతులు చేరలేని చోట్ల గూటిపెట్టెలు అమర్చారు, ముంగిసలకూ పిల్లులకూ బోన్లు పెట్టారు. అప్పటికే డీడీటీ వాడకం ఆగింది. పదేళ్ళలో మూడు వందలకు పైగా పక్షుల్ని అడవికి వదిలారు. నాలుగు పక్షుల నుంచి వందల సంతతి వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతం అనడానికి లేదు. అన్నీ ఆ కొద్ది పక్షుల సంతానమే కావడంతో జన్యు వైవిధ్యం చాలా తగ్గింది. అడవి పెరగలేదు. సంఖ్య మళ్ళీ తగ్గడంతో 2014లో అంతర్జాతీయ జాబితాలో ఈ పక్షిని ఒక మెట్టు దించి తిరిగి అపాయంలో ఉన్నవాటిలో చేర్చారు. కాపాడటం ఒకసారి చేసి ముగించే పని కాదని దీని చరిత్రే చెబుతోంది.

గులాబీరంగు పావురం ఇంకో కథ. మెడ, రొమ్ము లేత గులాబీ, తోక తుప్పురంగు. చూస్తే ఇంత సొగసైన పావురం ఉంటుందా అనిపిస్తుంది. 1990 ప్రాంతానికి అడవిలో సుమారు పది మిగిలాయి. అవి చివరిగా తలదాచుకున్నది ఏ చెట్లలోనో తెలుసా? జపాన్ నుంచి తెచ్చి నాటిన దేవదారు జాతి చెట్లలో. వాటి ముళ్ళలాంటి ఆకుల మధ్యకు కోతులు రావడానికి ఇష్టపడవు. బయటినుంచి వచ్చినదంతా చెడ్డదని తేల్చేసేవాళ్ళు ఈ చెట్లను గుర్తుపెట్టుకోవాలి. 1976లో రచయిత, జంతుప్రేమికుడు జెరాల్డ్ డరెల్ వచ్చి కొన్ని పావురాల్ని తన జెర్సీ జంతుశాలకు తీసుకెళ్ళడం, స్థానికంగా పంజరాల్లో పెంచడం, 1987 నుంచి అడవికి వదలడం కలిసి ఈ జాతిని నిలబెట్టాయి. ఇప్పుడు దాదాపు 500 ఉన్నాయి. కానీ బయటి పావురాలు మోసుకొచ్చిన ఒక సూక్ష్మజీవి గొంతులో పుండ్లు పుట్టించి పిల్లల్ని చంపుతోంది. జన్యువుల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, జంతుశాలల్లో ఉన్న వేరే కుదుళ్ళ పక్షుల్ని కలిపితే తప్ప ఈ జాతి నూరేళ్ళు నిలవడం కష్టమని హెచ్చరిస్తున్నారు.

మారిషస్ చిలుకకు వచ్చిన ఇబ్బంది మన రామచిలుకతో. రెండూ దగ్గరి బంధువులే, రంగూ రూపూ ఒకటే. చెట్టు తొర్రల కోసం పోటీ, దానికి తోడు ముక్కునూ ఈకలనూ కుళ్ళబెట్టే వైరస్ జబ్బు. 1980ల్లో సుమారు పదికి పడిపోయిన సంఖ్య గూటిపెట్టెల వల్ల, మనుషుల కాపలా వల్ల 750 దాటింది.

మహేబూర్గ్ ఎదురుగా సముద్రంలో ఈల్ ఓ జెగ్రెట్ అనే 26 హెక్టార్ల పగడపు దిబ్బ ఉంది. ఎలుకల్నీ పిల్లుల్నీ తొలగించి, బయటి మొక్కలు పీకి, తుమికి కుటుంబానికి చెందిన ఎబొనీ చెట్లను అక్కడ తిరిగి పెంచారు. 1984లో ఏర్పడిన మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ దాన్ని చూసుకుంటోంది. దీవి సొంత రాక్షసి తాబేళ్ళు ఎన్నడో నశించాయి కనుక అల్డబ్రా దీవి తాబేళ్ళను తెచ్చి వదిలారు. అవి ఎబొనీ పళ్ళు తిని, విత్తనాల్ని దూరదూరాన విసర్జిస్తూ, పోయిన తాబేళ్ళు చేసే పనినే చేస్తున్నాయి. పోయిన ప్రాణిని తేలేకపోయినా అది చేసే పనిని మళ్ళీ మొదలుపెట్టవచ్చన్న ఈ ఆలోచన నాకు చాలా గొప్పగా తోస్తుంది.

డోడోనే తిరిగి పుట్టిస్తామని 2023లో అమెరికాలోని కొలోసల్ అనే సంస్థ ప్రకటించింది. నికోబార్ పావురాన్ని ఆధారం చేసుకుని, జన్యువుల్ని మార్చి డోడోలాంటి పక్షిని తయారుచేయడం వాళ్ళ ఉద్దేశం. ఆ పరిశోధనలో పుట్టే పద్ధతులు గులాబీరంగు పావురానికి జన్యు వైవిధ్యం తెచ్చిపెట్టడానికి పనికొస్తే సంతోషమే. కానీ డోడో తిరిగొస్తే ఎక్కడ ఉంటుంది? పందులూ కోతులూ ఎలుకలూ అక్కడే ఉన్నాయి, అడవి రెండు శాతం లోపే ఉంది. ముందు అడవి, ఆ తర్వాతే డోడో అన్నది నా అభిప్రాయం.

2022లో, రిపబ్లిక్ అయి 30 ఏళ్ళు నిండిన సందర్భంగా, మారిషస్ తన జాతీయ పక్షిగా కెస్ట్రెల్‌ను ప్రకటించుకుంది. రాజచిహ్నంలో డోడో అలాగే ఉంది. పక్కనే ఇప్పుడు బతికున్న పక్షి ఒకటి ఆ గౌరవం అందుకుంది. ఆ దేశం చేసిన మంచి నిర్ణయాల్లో ఇదొకటి.

మారిషస్ చూడటానికి ఏటా మన రెండు రాష్ట్రాల నుంచీ ఎందరో వెళ్తున్నారు, చుట్టరికాలూ సాంస్కృతిక రాకపోకలూ ఉన్నాయి. వెళ్ళేవాళ్ళకు నాదొక మనవి. సముద్రతీరంతో పాటు బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనానికి ఒక పూట ఇవ్వండి. ఈల్ ఓ జెగ్రెట్‌కు పడవ ఎక్కండి, అక్కడ మీరిచ్చే ప్రవేశ రుసుము పక్షుల సంరక్షణకే వెళ్తుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్ళి గులాబీరంగు పావురాన్ని చూపించండి.